అవతలి గట్టు తగిలేలోపు

సఖినేటిపల్లి రేవులో పంటు కదిలిందంటే
కథ మొదలవ్వాలి.
నరసాపురం గట్టు తగిలేలోపు అయిపోవాలి.
మాకున్న నియమం అదొక్కటే.
మోటారు సైకిళ్ళ మధ్య, కొబ్బరికాయల ఆటో పక్కన
క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని ఏడుగురం.
రొయ్యల ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు ఆరున్నరకి.

ఇవాళ నూకరత్నం వంతు.
కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుంటుంది,
ఐసులో నానిన వేళ్ళకి ఒక్క కాగితం ఆనదు.
"ఒక ఆడమనిషి" అని మొదలెట్టి ఆగింది.
"పేరు పెట్టవే దానికి" అంది సువార్తమ్మ.
"పెడితే మా ఆయనకి తెలిసిపోద్ది."
"అయితే నా పేరు పెట్టు. తెలియడానికి నాకెవడున్నాడు?"
ఇంజను మోతలో మా నవ్వులు కొట్టుకుపోయాయి.

అప్పట్నించీ మా కథల్లో
దెబ్బలు తిన్నదీ, అర్ధరాత్రి గడప దాటిందీ,
గొలుసు తాకట్టు పెట్టి కుట్టుమిషను కొన్నదీ
అంతా సువార్తమ్మే.
అసలు సువార్తమ్మ మాత్రం
ఎప్పుడు రాసినా పులస పులుసు గురించే రాస్తుంది,
ఆయ్, నోరూరేట్టు.

ఈ పని నాకు నేర్పినామె
ఈ నీళ్ళు ఎన్నడూ చూళ్ళేదు.
షార్జాలో, నేను పనిచేసే ఇంటి డాబా మీద
బట్టలారేసే తీగకి అవతల
షుకూఫా.
మజారు నుంచి వచ్చింది. కుట్టుపని.
వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లల బడికి తాళం వేశారంట,
తాళం అన్న మాట దొరక్క
గాల్లో చెయ్యి తిప్పి చూపించింది.
ఆ తర్వాత అయిదుగురు ఆడవాళ్ళు ఓ వంటింట్లో చేరి
కుక్కరు కూస్తున్నంతసేపూ
ఒకళ్ళ కథ ఒకళ్ళకి చదువుకునేవారంట.
ఆ కూతకి గొంతులు వీధిలోకి పోవని.
పప్పు మాడిపోయిన రోజున పెద్ద కథ అన్నమాట.

మా ఇద్దరి మధ్యా ఉన్నవి ఓ ఇరవై హిందీ ముక్కలు.
రొట్టెల పొట్లం చింపి గోడ మీద పరిస్తే
ఆమె కుడివైపు నుంచి రాసుకొచ్చేది,
నేను ఎడమవైపు నుంచి.
ఆమెది నాకు రాదు, నాది ఆమెకి రాదు.
మధ్యలో వేళ్ళు తగలగానే ఆపేసేవాళ్ళం.

ఓ రోజు తీగ మీద బట్టల్లేవు.
మర్నాడూ లేవు.
ఎక్కడికెళ్ళిందని అడగడానికి
నా దగ్గర ఆమె పేరొక్కటే ఉంది,
అదీ తెలుగులో రాసుకున్నది.

నేను తిరిగొచ్చాక
మావాళ్ళు పెట్టెలో సెంటు సీసాలు వెతికారు.
పొట్లం కాగితాలు బయటపడ్డాయి.
పొయ్యిలోకి పోబోతుంటే మా అత్త లాక్కుంది.
వేలిముద్ర మనిషి.
"ఇదేం రాతే, వానపాములు పాకినట్టు" అని
మడతలు అరచేత్తో సాపు చేసి
"ఎవరో పాపం కూర్చుని రాసుకుంది, ఉండనీ" అంది.
ఇప్పుడవి బియ్యం డ్రమ్ము కింద ఉన్నాయి.

నడిగోదాట్లో ఇంజను ఆగిపోయింది.
పోటు మీదుంది నీరు, పంటు పక్కకి జారుతోంది.
నూకరత్నం కథ అయిపోయింది,
గట్టు ఇంకా రాలేదు.
కథలో సువార్తమ్మ తలుపు గడియ మీద చెయ్యేసి
అలాగే నిలబడింది.
టిక్కెట్లు కోసే కుర్రాడు చిల్లర లెక్క మర్చిపోయి
"తర్వాత ఏమైందండీ?" అన్నాడు.
"ఇంకా రాయలేదు బాబూ."
"మరి రాయండి, ఇంజను ఇప్పట్లో కదిలేలా లేదు."

నా పెన్ను అడిగి తీసుకుంది.
ఏదో కొట్టేసింది, ఏదో రాసింది,
మాకెవరికీ చూపించలేదు.
సువార్తమ్మ వంగి చూడబోయి
ఎందుకో నీళ్ళవైపు తిరిగింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర టోపీలూ గ్లౌజులూ ఇస్తారు,
కాగితాలు లోపలికి రానివ్వరు.
క్యారేజీ పైగిన్నెలో పెట్టి మూతేస్తాం.
సాయంత్రానికి కథలన్నీ ఆవకాయ వాసన.

రేపు నా వంతు.
సగం కాగితమే రాశాను,
ఎడమవైపు.