నలభైమూడో ఆకు

ఆరున్నరకి నేనొచ్చేసరికి
ఆత్మకూరు బస్టాండు దగ్గర దోశ పెనం మీద
మొదటి నీళ్ళు చుయ్యిమంటుంటాయి.
ఆస్పత్రి నేలమాళిగలో, ఆరడుగుల కాంక్రీటు గోడల మధ్య
యంత్రం నోట్లో నూట ఇరవై టంగ్‌స్టన్ ఆకులు,
ఇటు అరవై, అటు అరవై,
పళ్ళు కరుచుకుని ఉంటాయి.

ఆకులంటాం గానీ ఈనె లేదు, తొడిమ లేదు.
పొగాకు గ్రేడింగు చేసే చెంచురత్నమ్మ ఒకసారి అడిగింది,
"ఏం ఆకు మేడమ్, బర్లీనా, వర్జీనియానా?"
ఇద్దరం నవ్వుకున్నాం.
ఆమె ఊపిరితిత్తిలో గడ్డ అంచు వెంబడి
ఆ ఆకుల్ని నిలబెట్టింది నేనే.

సోమవారం కంచె పరీక్ష.
ఫిల్ము పరిచి, తలుపు మూసి,
ఆకుల మధ్య సన్నటి సందు వదిలి
పది చోట్ల ఆపి ఆపి కిరణం పంపుతాను.
పది నీలిగీతలు
చేనిగట్టున పాతిన రాళ్ళల్లే నిటారుగా రావాలి.

ఈ సోమవారం
ప్రతి గీతకీ ఒకేచోట నొక్కు.

భూతద్దం పెట్టాను. స్కానర్లో పెట్టాను.
బి వైపు, నలభైమూడో ఆకు,
ఒకటి పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు వెనక.
మొలకొలుకుల గింజ మందం.
షంషాద్ అంది, "ఇంకోసారి ఆపి వేద్దాం మేడమ్."
వేశాం. గింజ గింజలాగే ఉంది.

మేనేజరు ఫోను:
"బయట నలభైరెండు మంది. గింజంతే గదమ్మా?"

ఆ గింజ వెనక
కామాక్షయ్య వెన్నుపాము ఉంది.

రిజిస్టర్లో రాశాను: యంత్రం ఆపడమైనది, ఏడూ యాభై.
సంతకం కింద గీత కొంచెం వణికింది.
మోటారు చెన్నై నించి రావాలి.

వరండాలో మాటలు లేచాయి.
కలిగిరి నించి బాడుగ కారులో వచ్చినాయన
కారు డబ్బులెవరిస్తారని అడిగాడు.
నా దగ్గర జవాబు లేదు.
మూల బెంచీ మీంచి కామాక్షయ్య వేలితో పిలిచాడు.
కనిగిరి రిజర్వాయరు తూముల దగ్గర
ముప్పై రెండేళ్ళు లస్కరు.
గొంతు పోయింది, గాలితో మాట్లాడతాడు.

"ఎన్ని తలుపులు?"
"నూట ఇరవై."
"అబ్బో." కాసేపాగి, "మూసినా కారతాయా?"

నా చదువులో ఈ ప్రశ్న వేసినోళ్ళు
తెల్లకోట్లు వేసుకున్నారు.
"కారతాయి. ఆకుకీ ఆకుకీ మధ్య, నూటికి ఒకటో రెండో."
"కొలస్తావా?"
"కొలస్తాను."
తలాడించాడు.
"మొరాయిస్తే తప్పు తలుపుది గాదు పాపా, మరది.
నీళ్ళొచ్చినాక చూసేదేముంది?
కాలవ ఎండిన రోజే గ్రీజు పెట్టాల."

ఇంకేమీ అనలేదు.
మిగతావాళ్ళకి చెప్పడానికి గొంతు లేదు.
సంచిలోంచి స్టీలు క్యారియరు తీసి
పలచటి రాగిజావ మూతలో పోసుకుని
ఎక్కడికీ పోనన్నట్టు చారబడ్డాడు.
ఒక్కొక్కరే కూర్చున్నారు.
కలిగిరాయన మాత్రం వెళ్ళిపోయాడు.

రాత్రి తొమ్మిదికి ఇళంగో వచ్చాడు, ఆకలితో.
మోటారు చిటికెనవేలంత.
నూట ఇరవైలో ఒకదాన్ని విప్పడానికి
పక్కవాటన్నిటినీ బతిమాలాలి.
ఒంటిగంటకి ఫిల్ము తీస్తే
పది గీతలు, నొక్కు లేదు.
షంషాద్ నేల మీదే నిద్రపోయింది.

మంగళవారం
కామాక్షయ్య మొహానికి వలమాస్కు బిగించాం.
కదలకూడదు.
చెయ్యి ఒక్కటే దుప్పటి బయటికొచ్చి
నాలుగు వేళ్ళు చూపింది, తర్వాత మూడు.
"బాగైంది," అన్నాను.

బయటికొచ్చి తెర ముందు కూర్చున్నాను.
నలభైమూడు నడిచి వెళ్ళి
తన చోట ఆగింది.

పాత మోటారు ఇమ్మని అడిగాడు, మనవడికి చూపిస్తాడంట.
కంపెనీకి తిప్పి పంపాల్సిన వస్తువు.
ఇవ్వకూడదు.
ఇచ్చాను.