ఒరిజినల్

నల్లగొండ గడియారం స్తంభం కాడ
బట్టల దుకాణానికీ మందుల దుకాణానికీ నడుమ
మెట్ల కింద ఇరికిన జాగల నా జిరాక్స్ మిషన్.
పేజీకి రెండు రూపాయలు.
కౌన్సెలింగ్ దినాలల్ల
జిల్లా పిల్లల మార్కులన్నీ
నా చేతులకెళ్లే పోతయి,
వేడి వేడిగ.

నా మెమో కూడా ఉంది డ్రాయర్‌ల.
జిరాక్స్‌కు జిరాక్స్, దానికింకో జిరాక్స్.
తీసినకొద్దీ పేరు అరిగింది,
ఇంగ్లీషు స్పెల్లింగుల ఆర్ ఎప్పుడో రాలిపోయింది.
బొమ్మగాని స్రవంతిని కాదు,
ఇప్పుడు నేను సవంతిని.

అసలుది మాత్రం
నార్కట్‌పల్లి తొవ్వల కాలేజీ బీరువల పండుకుంది.
"సర్కారు పైసలు రాలేదమ్మా,
ముప్పై ఎనిమిది వేలు నువ్వే కట్టి తీస్కపో"
అంటడు క్లర్కు, తల ఎత్తకుండ.
మూడేండ్లయింది.
నా బీటెక్‌ను నేను ఒక్కసారే చూసిన,
కిటికీ అవతల, ఆయన చేతిల.

మా నాయిన తాళ్లెక్కుతడు.
లక్షంటె ఎంతో ఆయనకు తెల్వదు,
తాడంటె తెలుసు.
మొదటేడు ఫీజు చెప్పినప్పుడు
మోకు భుజాన ఉండంగనే కాసేపు నిలబడి
"ఎన్ని తాళ్లయితయి బిడ్డా?" అన్నడు.
లెక్కగట్టి చెప్పిన:
పొద్దూమాపు పదిహేను తాళ్లు, నాలుగు నెలలు,
ఇంట్ల ఎవ్వరికీ జెరం రాకుంటె.
తలూపి పోయిండు.
రెండో ఏడు పెరిగింది.
మూడో ఏడు మళ్ల పెరిగింది,
లైబ్రరీ ఫీజు, ల్యాబు ఫీజు, ఎక్కని బస్సు ఫీజు,
యాడ కడుతున్నరో కానరాని బిల్డింగు ఫీజు.
నాకు లెక్కల పేపర్ బ్యాక్‌లాగ్ ఉండె గని
ఫీజు మాత్రం ఏటేటా ఫస్టు క్లాసుల పాసయ్యింది.
"తాడు నిలబడ్డ ఎత్తుల నిలబడ్తది బిడ్డా,
ఇదేం తాడు,
ఎక్కుతుంటె పెరుగుతది?"

ఏమొచ్చిందే చదువుతోని, అని
చిట్టీల అమృతమ్మత్త నెల నెలా అడుగుతది.
జవాబు కోసం కాదు,
నోట్లు లెక్కవెట్టేటప్పుడు నోరు ఖాళీగుండొద్దని.
నేనూ అడుగుకుంట.
లాప్లాసు యాదికి లేదు.
ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ గీయమంటె గీస్త గని
ఇంట్ల ఫ్యాను కాలితె ఇప్పటికీ లతీఫ్ భాయినే పిలుస్తం.
హైదరాబాదుల ఎనిమిది నెలలు
పదిహేను వేలకు ఫోన్ల సారీ చెప్పిన.
హాస్టల్‌కు తొమ్మిది పోను
మిగిలిన సారీలు మూట గట్టుకొని ఇంటికొచ్చిన.

మరి ఒకనాడు
బండి ఫైనాన్సాయన నాయిన బొటనవేలు పట్టి
సిరాల అద్దుతుంటె,
ఆగమని రెండో పేజీ సదివిన.
కింద చిన్నక్షరాలల్ల
ఇరవై రెండు వేలు చప్పుడుగాక పండుకొని ఉన్నయి.
లేపిన.
ఆయన కాగితాలు మలుచుకొని పోయిండు.
ఆ ఇరవై రెండు వేలు
ఏ సెమిస్టర్ ఖాతల రాయాలె?

నిన్న చందంపేట దిక్కు తండా నుంచి
రమావత్ ద్వాలి బిడ్డను తోలుకొని వచ్చింది.
మేకలమ్మిన పైసలు చేతిసంచిల.
"మంచి కాలేజేనామ్మా? నువ్వండ్లనే సదివినవంట."
మిషన్ వెలుగు పిల్ల మొఖం మీద
ఈ చెంప నుంచి ఆ చెంపకు పోయింది.
తొంభై నాలుగు శాతం.
పొమ్మందామంటె మేకలు అడ్డమొచ్చినయి,
వద్దందామంటె ఆ రెండో పేజీ.
"రశీదు లేంది రూపాయి ఇయ్యకుర్రి.
అసలుది చేతికియ్యకుర్రి, జిరాక్సే ఇయ్యుర్రి" అన్న.
"మొదటి దినమే అసలుదే తీస్కుంటరంట కదక్కా"
అన్నది పిల్ల,
నాకు తెల్వదన్నట్టు.
ఆరు కాపీలు తీసిన.
నాలుగింటికే పైసలు తీసుకున్న.

కనగల్ బస్సు దిగి ఇంటికి పోయేసరికి
నాయిన అన్నం కాడ కూసున్నడు.
"పోద్దాడు చలికి పారుతది,
పండుతాడు ఎండకు పారుతది.
నీ చదువు ఏ తాడు బిడ్డా?
ఏ కాలం దాక గీయాలె?"

నీళ్ల చెంబు ముందుకు జరిపిన.
గోడకున్న మోకు దిక్కు చూసిన.
ఒక పోగు లేచింది.
ముప్పై ఎనిమిది వేలకన్న ముందు
అది మార్చాలె.