తువాలు

రక్తానికి చన్నీళ్ళు. గడ్డి మరకకి వెనిగర్.
బురదని మాత్రం ఎండనివ్వాలి,
తడిమీద రుద్దితే నేతలోకి దిగిపోతుంది.
ఇరవై రెండేళ్ళుగా టొలీడోలో,
స్టేడియం కింద, కిటికీల్లేని గదిలో
నాకు అబ్బిన చదువు ఇంతే.

ఈ వారం ఊరంతా ఒకటే లెక్క.
అయిదేళ్ళకి ముప్పై నాలుగు కోట్ల డాలర్లు.
ఏ క్వార్టర్‌బ్యాక్‌కీ ఇంతవరకూ ఎవరూ ఇవ్వనంత.
డాషియల్ రూక్స్‌కి తగునా?

మంగలి ఆర్విన్ కత్తెర గాల్లో ఆపి
"విసిరిన ఒక్కో బంతికీ మన వీధిలో ఒక ఇల్లు,
అవతలివాడు పట్టుకున్నా, జారవిడిచినా" అన్నాడు.
బస్సు నడిపే జెనీవా ఊరుకోలేదు:
"వాడు రాకముందు ఏడాదికెన్ని గెలిచాం? మూడు.
ఆ మూడూ మంచులో కూర్చుని చూసినదాన్ని నేను."
మా మరిది జిగ్మంట్,
గాజు ఫ్యాక్టరీ మూసేసిన రోజు
ముప్పై ఏళ్ళకి గోడగడియారం ఒకటి ఇచ్చారనీ
అదీ ఆర్నెల్లకే ఆగిపోయిందనీ చెప్పి
ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
నిరుడు నాకు గంటకి నలభై సెంట్లు పెంచారు.
ఆ మాట నేనెత్తలేదు.

నేను బట్టల్నే అడుగుతాను.
వచ్చిన మొదటి ఏడు వాడి పదకొండో నంబరు చొక్కా
వీపంతా మట్టి అద్దుకుని వచ్చేది.
ఇప్పుడు ఆదివారం రాత్రి
నేను పెట్టిన మడతలతోనే దాదాపు తిరిగొస్తుంది.
మట్టి ఎక్కడికీ పోదు.
చొక్కా మారుతుంది, అంతే.
డెబ్బై నాలుగు. లెవాయి.
వాడి ఎడమవైపు గోడలా నిలబడేవాడు.
మోచేతుల దగ్గర చిరుగులు, మెడ దగ్గర ఎవడిదో ఉమ్మి,
తడిస్తే రెండు చేతులతో ఎత్తాలి.
బోయీల భుజాలు కాయలు కాశాయని
పల్లకీకి తెలియదు
అనేసి ఇక్కడితో ఆపొచ్చు.
చాలామంది ఇక్కడే ఆపుతారు.

కానీ నా దగ్గర వాడి తువాలు కూడా ఉంది.
ప్రతి ఆదివారం ఆట మొదలవకముందే
విడిగా ఓ సంచిలో ముడేసి వస్తుంది.
విప్పక్కర్లేదు, వాంతి వాసన.
ఏడేళ్ళు. ఒక్క ఆదివారం తప్పలేదు.
ఎవరికీ చెప్పొద్దని వాడు అడగలేదు,
నేను ఎవరికీ చెప్పలేదు.
ఒకసారి మాత్రం సంచిమీద పెన్నుతో
"సారీ, మిస్ ఒర్లీనా" అని ఉంది,
అక్షరాలు వణికి.

బంతి చేతికొచ్చాక రెండున్నర సెకన్లు.
అరవై వేలమంది ఊపిరి బిగబట్టి
ఒక్కడి మోచేతిని చూస్తారు.
అయిదుగురు అవతలివాళ్ళు
ఆ మోచేతికోసమే పరుగెత్తుకొస్తారు.
దానికి ఎంత కట్టాలో నాకు తెలీదు.
మరి లెవాయికి భయం లేదా?
వాడి తువాలు నా దగ్గరికి రాదు.
ఎక్కడ తుడుచుకుంటాడో.

సంతకం ఇవాళ పదకొండింటికి.
పైనుంచి కబురు: ఫొటోకి కొత్త చొక్కా కావాలి,
మరక ఉండకూడదు, ముడత ఉండకూడదు.
ఇస్త్రీ చేశాను.
ఆవిరిలోంచి రెండు ఒకట్లు నిటారుగా లేచాయి.
ఒకటి పక్కన ఒకటి.
రెండోది లేకపోతే
వాడు ఉత్త ఒకటే కదా అనుకున్నాను,
అనుకుని, మళ్ళీ కాలర్ దగ్గర ఒకసారి రుద్దాను.

జిగ్మంట్ ఫోన్ చేశాడు.
"నువ్వు లోపలిదానివి, చెప్పు, తగునా?"
చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని
తొట్టిలో నానేసిన డెబ్బై నాలుగుని పిండుతున్నాను.
మూడోసారి.
నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి,
తర్వాత మాట్లాడతా అన్నాను.