దండ ఊపితే

ఆగస్టంతా నాలుగింటికే వచ్చేది.
టీసా నదికి అవతల, పోప్లార్ చెట్ల వరస వెనక
ముందొక తెల్లటి మూపురం లేచేది,
దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి,
ఎవరో ఉతకాల్సిన దుప్పట్లన్నీ
తొందరలో ఒకచోట కుప్పేసినట్టు.
అడుగు మాత్రం నలుపు. మాడిన గిన్నె.

కుక్క మంచం కిందికి.
కోళ్లు బండి కిందికి.
అంబ్రుష్ నేలమాళిగలోకి.

"పీపా ఒకసారి చూసొస్తా" అనేవాడు.
ముప్పై ఆరేళ్లుగా అదే పీపా.
ఉరుముకి భయమని ఒక్కనాడూ ఒప్పుకోలేదు.
నేనూ అడగలేదు.
లాంతరు పట్టుకుని వెనకే దిగేదాన్ని,
మెట్లు తడిగా ఉన్నాయి, జారతావంటూ.

పైన చూరు కింద మా మిరప దండలు,
మేకుకీ మేకుకీ మధ్య ఎర్రగా, బరువుగా.
తొడిమ తొడిమకీ సూది గుచ్చి గుచ్చి
నా బొటనవేలు మండడం కూడా మానేసింది.
వాటికి కావాల్సింది పొడిగాలి.
వచ్చేది ఆవిరి.
కాయ చీల్చి చూస్తే లోపల బూజు,
బూడిదరంగు పిల్లి మీసాల్లా.
ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు
మబ్బుకీ నదికీ ఉన్న తగాదా అంతా
నా మిరపకాయల మీదికొచ్చింది.
వడగళ్లు పడ్డ మర్నాడైతే
పక్కింటి ఫ్యూలెప్, తన పుచ్చతోటలో
పగిలిన కాయల మధ్య కూచుని
చెంచాతో తింటున్నాడు,
ఒక్కడే, ఎవరితోనూ మాట్లాడకుండా.

కింద మాత్రం వేరే వాతావరణం.
బంగాళాదుంపల వాసన. చెమ్మగిల్లిన ఇటుక.
పిడుగు పడ్డప్పుడల్లా అరలో సీసాలు
ఒకదాన్నొకటి తాకి పళ్లు కొరికేవి.
అప్పుడు మాట్లాడేవాడు అంబ్రుష్.
పైన "ఉప్పు", "గేటు", "సరే"
అన్న మూడు మాటల మనిషి
చీకట్లో ఆగకుండా.
చిన్నప్పటి ఎండుగడ్డి బండి గురించి,
గడ్డి అంటుకున్న వాసన గురించి,
బండి మీద పక్కనే కూచున్న తమ్ముడి టోపీ గురించి.
టోపీ గురించే. తమ్ముడి గురించి కాదు.
చెబుతూ చెబుతూ నా మోకాలి మీద చెయ్యి వేసి
"ఎటెల్కా" అనేవాడు.
పైన నాకు పేరు లేదు.
"ఇదుగో", "విన్నావా", అంతే.

సెప్టెంబరు పన్నెండు, రాత్రి రెండింటికి వచ్చింది చివరిది.
చివరిదని తెలిస్తే
ఇంకాసేపు కూచునేదాన్ని.

తెల్లారేసరికి గాలి మళ్లింది.
వాయవ్యం నుంచి సన్నగా,
కత్తెర పెట్టి కత్తిరించినట్టు.
నెల రోజులుగా ఉబ్బి బిగిసిన తలుపు
వేలితో తోస్తే మూసుకుంది.
డబ్బాలో ఉప్పు పలుకు పలుకుగా రాలింది.
పక్క ఊరి గంటగోపురం మీద కోడిపుంజు
ఇక్కణ్ణుంచే కనిపించింది, తోకతో సహా.
రేడియోలో అమ్మాయి
పది రోజులు పొడి, రాత్రుళ్లు చలి అని
శుభవార్తలా చదివింది.
శుభవార్తే.
ఫ్యూలెప్ ఈల వేస్తూ చెత్త తగలబెట్టాడు.
అంబ్రుష్ నిచ్చెన వేసుకుని పెంకులు సర్దాడు.

నాలుగైంది.
నది అవతల ఏమీ లేదు. నీలం.
లాంతరు గాజు తుడిచి, నూనె పోసి,
ఎక్కడ పెట్టాలో తోచక
గదిలో కాసేపు నిలబడ్డాను.
రాత్రి భోజనం దగ్గర "ఉప్పు" అన్నాడు.
అందించాను.

పది రోజులకి మిరప ముదురు రంగు తిరిగింది.
తోలు కాగితమైంది.
ఎండిందో లేదో తేల్చడానికి కన్ను చాలదు, చెవి కావాలి:
దండ ఊపితే
లోపల గింజలు పలకాలి.
ఒకటి దించాను.
అరుగు మీద అంబ్రుష్, వీపు నాకేసి,
బూటు తొడుక్కుంటున్నాడు.
చెప్పులు విడిచి, మెల్లగా వెళ్లి,
అతని చెవి పక్కనే
బలం కొద్దీ ఊపాను.

గలగలా గలగలా.

ఎగిరిపడ్డాడు.
బూటొకటి మెట్ల మీంచి దొర్లుకుంటూ
కోళ్ల మధ్యకి పోయింది.
"ఎటెల్కా!" అన్నాడు.

ఆకాశం ఒక్క మచ్చ లేకుండా అలాగే ఉంది.
దండని మళ్లీ మేకుకి తగిలించాను.
ఇంకా ముప్పై ఉన్నాయి, ఊపి చూడాల్సినవి.