హేండిలు ఎక్కడుంది

లొల్ల లాకుల దగ్గర సెక్షనాఫీసులో
పాత సర్వరు పాస్‌వర్డు తెలిసినాయన
మార్చిలో రిటైరై పిఠాపురం పోయాడు.
ఫోనెత్తడు.
నాకున్నవి ఒక యూజరు పేరు, ఒక ఫోల్డరు,
గోడవార ఒక కుర్చీ,
దాని పొట్టికాలి కింద మడతపెట్టిన పాత బ్లూప్రింటు.

నీటిమట్టాల లెక్క కట్టే ప్రోగ్రాం
ఈ పెట్టెలో మళ్ళీ కంపైల్ చెయ్యాలి.
దానికో లైబ్రరీ కావాలి.
సిస్టం గదుల్లోకి నన్ను రానివ్వరు.
అందుకని తెచ్చి నా ఫోల్డర్లోనే దించుకున్నాను,
ఒంటిగది అద్దెకున్నావిడ
గ్యాసుబండ మంచం పక్కన పెట్టుకున్నట్టు.

కంపైలర్‌కి తెలిసినవి రెండే వీధులు.
రెండూ తిరిగొచ్చి చెప్పింది: లేదు.
ఉంది తల్లీ, ఇదిగో, నా ఒళ్ళోనే ఉంది.
లేదు.

బయట జులై వాన.
లస్కరు ఏసుపాదం గొడుగు మూసి
గుమ్మంలోనే నిలబడ్డాడు.
"ఏంటండి, తెరంతా ఎర్రగా ఉంది?"
చెప్పాను. వస్తువుంది,
ఉండాల్సిన చోట లేదు, అందుకని లేదంటోంది.
"ఆయ్, మా హేండిలు లాగన్నమాట."

లాకు తలుపులెత్తే ఇనప హేండిలు
స్టోర్లో ఉండాలి. రిజిస్టర్లో అలాగే ఉంది, నంబరుతో సహా.
తొంభయ్యారు తుఫానుకి స్టోరు కప్పెగిరిపోయినప్పట్నించీ
అది వీరవేణి టీకొట్టు అటక మీద,
కొబ్బరిపీచు బస్తాల వెనకాల.
కొత్తగా వచ్చిన ప్రతి ఇంజనీరూ స్టోరుకే వెళ్తాడు,
లేదని రాసి సంతకం పెడతాడు.
తలుపులు మాత్రం వేళకి లేస్తూనే ఉన్నాయి.

మళ్ళీ కూర్చున్నాను.
మైనస్ పక్కన పెద్ద ఐ: హెడర్లు ఇక్కడ.
మైనస్ పక్కన పెద్ద ఎల్: లైబ్రరీ ఇక్కడ.
ఒక గీత మర్చిపోయాను, మళ్ళీ కొట్టాను.
వరసలు కిందికి జారాయి, ఏ గొడవా లేకుండా,
కాలవలో గుర్రపుడెక్క పోయినట్టు.
ఒక్క ఎర్రరూ లేదు.
ఇద్దరికీ టీ చెప్పాను.

అప్పుడు నడిపాను.
లేదు, అంది మళ్ళీ.

ఇప్పుడన్నది కంపైలర్ కాదు.
కట్టినవాడికి నేను చెప్పిన చిరునామా
నడిపేవాడికి ఎవరూ చెప్పలేదు.
ఇద్దరూ ఒకే పెట్టెలో ఉంటారు,
ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు.
ఇంతమాత్రం తెలియడానికి నాకు
ఓ మధ్యాహ్నం, రెండు టీలు, సగం ఏడుపు పట్టింది.

ఏసుపాదం నవ్వలేదు.
"పగలు డ్యూటీ నాదండి, రాత్రి సత్తిగాడిది.
నాకు తెలుసు కదాని నేనూరుకుంటే
అర్ధరాత్రి రెండింటికి నీళ్ళొచ్చినప్పుడు
ఆడెక్కడని వెతుకుతాడు?
అందుకే తలుపు చట్రమ్మీద రాసేశానండి.
సుద్దతో కాదు. తారుతో."

గొడుగేసుకుని వెళ్ళి చూశాను.
చట్రం లోపలి వైపు, తడి తగలని చోట,
వంకర అక్షరాలు:
వీరవేణి అటక. ఎడం పక్క. కుక్కుంది.

నేనూ అలాగే రాశాను,
లింకు కట్టేటప్పుడే, ప్రోగ్రాం ఒంట్లోనే,
నా ఫోల్డరు దారి మొదటి గీత నుంచి చివరిదాకా.
ఈసారి అదెవర్నీ అడగలేదు.
లాకుకి ఎగువనెంత, దిగువనెంత,
రెండంకెలు పడ్డాయి తెరమీద.
ఏసుపాదం కిటికీలోంచి గేజిరాయి కేసి చూసి
"ఓ అంగుళం ఎక్కువ చెప్తుందండి" అన్నాడు.

సెప్టెంబరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది.
నా పేరు కొట్టేస్తే ఫోల్డరూ పోతుంది,
ఒంటిమీద రాసుకున్న దారి
లేని ఇంటికి పోతుంది.
రోడ్డు వెడల్పు చేస్తారట,
వీరవేణికీ నోటీసొచ్చింది.

రిజిస్టరు తీశాను. హేండిలు, ఒకటి, స్టోరు.
దిద్దే అధికారం నాకు లేదు.
మార్జిన్లో పెన్సిలుతో సన్నగా
రెండు చిరునామాలూ రాశాను,
కుక్క సంగతి కూడా.