సర్వీసు లిఫ్టు

కనకపుర రోడ్డులో ఇది నేను చూస్తున్న నాలుగోది.
మెట్రో దిగి, ఆటో అతనితో ఇరవై రూపాయల దగ్గర తగువుపడి,
చేతిసంచిలో టార్చి, టేపు, నీళ్ళ సీసాతో వచ్చాను.
నాతో ఫిలోమినా.
ఇల్లు చూడ్డానికి కాదు,
నేను తొందరపడకుండా చూడ్డానికి.

ముప్పై ఒక్క ఏళ్ళు గడియారాల కార్ఖానాలో
కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నదాన్ని.
ఆగిపోబోయే వస్తువు
ముందుగా ఎక్కడో చిన్న చప్పుడు చేస్తుందని తెలుసు.

చూపించే కుర్రాడి పేరు చేతన్, మెడలో నీలం తాడు.
మొదట ఆంటీ అన్నాడు,
నేను చూసిన చూపుకి మేడం అన్నాడు.
యోగా హాలు, చేపల కుంట, పిట్టలకి కట్టిన గూళ్ళు,
"బాల్కనీ నుంచి వ్యూ చూడండి మేడం."
నాయనా, ఎడమ కంట్లో శుక్లం ముదురుతోంది.
వ్యూ సంగతి తర్వాత,
గడప ఎంత ఎత్తుందో చెప్పు.

స్నానాలగదిలో కమ్మీ పట్టుకుని
నా అరవై రెండు కిలోలూ వేలాడేశాను.
కుర్రాడు గాభరా పడ్డాడు.
కమ్మీ పడలేదు.

మంచం నుంచి అక్కడికి పదకొండు అడుగులు,
రాత్రి రెండింటికైతే పద్దెనిమిది.

ఎర్ర బొత్తాం నొక్కి
మణికట్టు వైపు చూశాను.
నా చేత్తో నేనే బిగించిన గడియారం.
రెండు నిమిషాల నలభై సెకన్లకి నర్సు వచ్చింది,
చెప్పుల్లేకుండా, రొప్పుతూ,
బుగ్గలో ఇంకా అన్నం ముద్దతో.
పుస్తకంలో రాసుకున్నాను: మనుషులు తక్కువ.
దాని కింద: పరిగెత్తుతారు.

గ్యాసు ఉండదట, కరెంటు పొయ్యే.
సంగటి కెలికితే గిన్నె గిరగిరా తిరుగుతుందని
ఫిలోమినా నవ్వింది.
రెండో తాళంచెవి ఎవరి దగ్గర?
ఆఫీసులో.
నా తర్వాత డిపాజిట్ ఎవరికి?
"నామినీకి మేడం. ఇక్కడ పేరు రాయాలి."
ఆ గడి చిన్నది.
చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టాను.
ఫిలోమినా కిటికీ వైపు తిరిగింది,
అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

చివరి ప్రశ్న ఎప్పుడూ కింద అడుగుతాను.
"ఇక్కడ పోయినవాళ్ళని ఎటునుంచి తీసుకెళ్తారు?"

రెండోచోట అడిగితే మాట మార్చారు.
మూడోచోట నేనే చూశాను,
చెత్త డ్రమ్ముల పక్కన సర్వీసు లిఫ్టు.
తెల్లారకముందే, చప్పుడు కాకుండా,
మిగతావాళ్ళు దిగులుపడతారని.

చేతన్ రంగుల కాగితంలో వెతికాడు.
అందులో లేదు.

బెంచీ మీద అనపగింజలు పితుకుతున్న పెద్దాయన
తలెత్తకుండానే అన్నాడు:
"ముందు గేటు నుంచేనమ్మా.
మొదట్లో వెనక నుంచే పంపిస్తా ఉండ్రి.
మా నరహరప్పను కూరల ట్రేల పక్కన నిలబెట్టినారు,
స్ట్రెచరుకి చోటు చాలక.
ఆ పొద్దు టిఫినుకి ఒక్కరం దిగలేదు. మధ్యాహ్నమూ దిగలేదు.
సాయంత్రానికి ఆఫీసోళ్ళు దోవకొచ్చినారు.
ఇప్పుడు పోర్టికోలో పావుగంట నిలుపుతారు.
నడవగలిగినోళ్ళం గేటు దాకా పోతాం.
నడవలేనోళ్ళు బాల్కనీల్లో నిలబడతారు.
నిలబడలేనోళ్ళు
లైటు వేస్తారు."

ఇంకో గింజ పితికాడు. పప్పు ఎగిరి
చేతన్ బూటు మీద పడింది.

నేను పక్కన కూర్చుని
ఒక గుప్పెడు నా వైపు లాక్కున్నాను.
నానిన తొక్క, బొటనవేలి కింద చిన్న జారుడు.
గోరు ఇంకా పనిచేస్తోంది.

ఆయన నా పేరు అడగలేదు.
"రేపు వంకాయ తెస్తారంట" అన్నాడు.

కుర్రాడు ఫారం పట్టుకుని నిలబడ్డాడు.
నా చేతులు తడి,
"నువ్వే రాయి బాబూ" అన్నాను,
ఖాళీ గడికి పేరు చెప్పాను.

వాడు మొదటి అక్షరం రాశాడో లేదో
వెనక నుంచి ఫిలోమినా వంగి చూసి,
గొంతు సవరించుకుని,
"ఎఫ్ కాదు," అంది.
"పి, హెచ్."