పొట్టికాలు బెంచీ

ఆ బెంచీ నాది.
దిరె దావా స్టేషను ఎదుట, నా కుట్టుమిషను పక్కన
కొలతలకొచ్చినవాళ్ళు కూర్చునేందుకు వేసుకున్నది.
ఒక కాలు పొట్టి.
కిందికి నాలుగు మడతల అట్టముక్క దోపేవాణ్ణి.

ఎల్ఫినెష్ అడిగింది:
"ఒక్క పూటకు ఇవ్వు, అబ్దుర్రహీం."
ఆ పూట ఇంకా అవలేదు.

అప్పుడు ఆమెకున్నవి
ఒక బొగ్గుల కుంపటి, సన్నమెడ మట్టి కూజా,
పిడిలేని కప్పులు పదకొండు.
పన్నెండోది నా చేతిలోనే పగిలింది.
నేలమీద పచ్చగడ్డి పరిచేది.
పెనంమీద గింజలు చిటపటమంటుంటే
ఆ పొగను జనం ముఖాలవైపు అరచేత్తో తోసేది.
సాంబ్రాణి వేసేది.
ఆపైన మూడు వాయలు.
మొదటిది చిక్కన, నాలుకను నిద్రలేపుతుంది.
రెండోదానికి మాటలు మొదలవుతాయి.
మూడోది పలచన, దాదాపు వేణ్ణీళ్ళే.
దాన్ని బరకా అంటాం, దీవెన అని.
అది తాగకుండా లేస్తే
అలిగి వెళ్ళినట్టే లెక్క.

జిబూతీ రైలు గార్డు తెస్ఫాలెమ్
జెండా చంకలో పెట్టుకుని మూడోదానికోసం ఆగేవాడు.
రైలూ ఆగేది.
ఆలస్యానికి కారణం "ఇంజను" అని రాసేవాడు.

తర్వాత రైలు ఆగిపోయింది. ఆమె ఆగలేదు.
నా దగ్గర రెండువేల బిర్లు చేబదులు తీసుకుని
కూజా ఒళ్ళో పెట్టుకుని ఆదిస్ బస్సెక్కింది.
బస్టాండులో ఒక కొట్టు, విమానాశ్రయంలో ఇంకోటి,
నైరోబీ, దుబాయ్,
ఆమీద నాకు నోరు తిరగని ఊళ్ళు.
ఫ్రాంక్‌ఫర్టులో మొదటిరోజు సాంబ్రాణి వేయగానే
పైకప్పులో గంటలు మోగి, ఎర్ర బండ్లు వచ్చి
తాగేవాళ్ళంతా వానలో వీధిన నిలబడ్డారట.
ఫోన్లో చెప్తూ నవ్వి నవ్వి ఏడ్చింది.

ఆ వారమే సాంబ్రాణి తీసేశారు.
తర్వాత గడ్డి.
తర్వాత లెక్కలాయన ఒకడు గడియారం పెట్టి చూశాడు:
మూడో వాయకు పద్దెనిమిది నిమిషాలు.
కత్తిరించారు.

నేను దర్జీని, నాకు తెలుసు.
గుడ్డ చాలనప్పుడు ముందు పోయేది
కుట్టు లోపల వదిలే మడత.
పైకి ఏమీ కనపడదు.
ఒళ్ళు పెరిగాక వదులు చేద్దామంటే ఉండదు.

అలాగని తప్పుపట్టను.
నా బాకీ పదింతలు తీర్చింది.
నా మేనల్లుడు ఆ జీతంమీదే పెళ్ళాడాడు.
సియోల్ నుంచి వాడే ఫోటో పంపాడు:
అక్కడా నా బెంచీ!
నాలుగొందల కొట్లలోనూ అదే బెంచీ అట,
అదే పొట్టికాలు, కొలిచి మరీ కోసింది.
దానికింద అట్టముక్క ఇత్తడిది,
మడతలు నాలుగూ చెక్కించారు.
అసలుది ఆఫీసులో గాజుపెట్టెలో ఉంది,
కూర్చోరాదని బోర్డుతో.

మొన్న వచ్చింది, నల్లకారులో.
"బెంచీ ఏదీ?" అని,
తనకే గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.
గుడ్డలమూటమీద కూర్చుని కుంపటి రాజేసింది.
చేతులింకా మరిచిపోలేదు.
మొదటిది తాగాం.
రెండోదానికి తెస్ఫాలెమ్ పోయాడని చెప్పాను.
ఎప్పుడని అడుగుతుండగా హారను మోగింది.
మళ్ళీ మోగింది.
లేచింది. నేనేమీ అనలేదు.

మూడోది కుంపటిమీదే ఉంది.
కాగాక రెండు కప్పుల్లో పోశాను.
నాది తాగాను.
ఒక ప్యాంటు అంచు కుట్టాను.
ఆమెదీ తాగాను.
పలచగానే ఉంది, ఎప్పట్లాగే.